వర్షవీథీచిత్రము – ధ్వజార్థవిచారము

అమెరికా దేశీయుఁడగు ఛైల్డు హాసమ్ (1859–1935), క్షణికమగు వెలుఁగును బట్టి చూపు ఇంప్రెషనిస్టుల మార్గము ననుసరించి, 1916 మొదలు 1919 వఱకు న్యూయార్కు నగరపు ధ్వజాలంకృతవీథులను ఇంచుమించు ముప్పది పటములందుఁ జిత్రించెను. యుద్ధసన్నాహముఁ గోరి 1916 మే నెలలో అచట జరిగిన యూరేగింపు వీనికిఁ బ్రేరకము. వానిలో 'వానలో రాజవీథి' యనఁదగిన పటము 1917 ఫిబ్రవరి నాఁటిది. 1963 నుండి శ్వేతభవనసంగ్రహమునఁ జేరియున్నది. ఇది దేశాభిమానప్రకటనమాత్రమా, కావ్యతుల్యమగు కృతియా యనునది విచార్యము.

ఆక్షేప మొకటి కలదు. ధ్వజమందలి నక్షత్రములు నాఁడు 48. చిత్రమునం దవి లెక్కకు రావు. పట్టెలు తడిసి యొకదానిలో నొకటి కరఁగుచున్నవి. జనులు ఛాయామాత్రులు. అవయవములు స్ఫుటముగాని సంకేత మర్థబోధక మెట్లగును? దీనికి భర్తృహరిమతమున సమాధానము కలదు. వాక్యార్థము వర్ణములఁ గూర్చి యేర్పడునది గాదు, అఖండముగా స్ఫురించును. ఇందును నక్షత్రగణనము లేకయే ధ్వజబుద్ధి కలుగుచున్నది. కావున అవాచకత్వదోషము లేదు.

రసవిషయము సూక్ష్మతరము. వీరరస మందమన్న, ఆలంబనమగు శత్రువు గాని, ఉత్సాహాశ్రయుఁడగు వీరుఁడు గాని పటమున లేఁడు. దేశవిషయకరతి ప్రధానమన్న, దేవాదివిషయకరతివలె నది భావమే యగును. అయిన నా భావము కేవలము గాదు. తడిసిన బాటపై ధ్వజప్రతిబింబములు వడఁకుచున్నవి. వస్త్ర మెచట ముగిసెనో నీడ యెచటఁ దొడఁగెనో తెలియదు. ఆ ఫిబ్రవరి 3న జర్మనీతో దౌత్యసంబంధము తెగెను. యుద్ధప్రకటనము ఏప్రిల్ 6న గాని జరుగలేదు. నిశ్చయము కుదురని యా దినముల శంకాచింతలే సంచారులై యిట వ్యంగ్యములగుచున్నవి.

ఆ మే నెలనాఁటి 'మిత్రరాజ్యదినము'తోఁ బోల్చిన భేదము తెల్లమగును. అందుఁ దేటయెండ, బ్రిటను, ఫ్రాన్సు, అమెరికాల ధ్వజములు వేర్వేఱుగ గుర్తింపనగును. అప్పటికి అమెరికా యుద్ధమునఁ బ్రవేశించియుండెను. ఆ పటము మనోహరమే, కాని వాచ్యప్రధానము. చెప్పఁదగినదెల్లఁ జెప్పివైచినది.

హాసమ్ మిత్రరాజ్యపక్షపాతి. కావున వానపటమును యుద్ధనిరసనముగా వ్యాఖ్యానించుట బలాత్కారము. కాని కర్తృవివక్షకు మించిన యర్థమును గృతి ధ్వనింపఁజేయుట కలదు. ధ్వజము జయమునకే చిహ్నమను రూఢిని మీఱి, రానున్నది యెట్టిదో యని వేచియున్న నగరమునకుఁ జిహ్నమగుటచేతనే యీ పటము ప్రకటనము గాక కావ్యమైనది.