‘ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటే రంగు ఉంటుంది’: ఈ సూత్రం ఎంతవరకు సరి?

పరివర్తన మూలకాల అయాన్లు ద్రావణంలో రంగుతో ఎందుకు ఉంటాయి? ఈ ప్రశ్నకు ఎక్కువ గైడ్లలో మీకు దొరికే జవాబు ఒక్కటే: ‘డి ఆర్బిటాళ్లలో ఒంటరి ఎలక్ట్రాన్లు ఉండటం వల్ల’. ఈ జవాబును కంఠస్థం చేసే ముందు ఒకసారి పరీక్షిద్దాం.

ఇందులో నిజం ఉంది. నీటిలో టైటానియం +3 అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు చేరతాయి. వాటి ప్రభావం వల్ల, సమాన శక్తి గల ఐదు 3డి ఆర్బిటాళ్లు రెండు సముదాయాలుగా విడిపోతాయి. దిగువన ఉన్న ఒకే ఒక ఎలక్ట్రాన్ సుమారు 500 నానోమీటర్ల కాంతిని శోషించుకొని పైకి చేరుతుంది. ఆకుపచ్చ ప్రాంతపు కాంతి తగ్గిపోగా, ద్రావణం ఊదారంగులో కనిపిస్తుంది. జింక్ +2 అయాన్‌లో డి ఆర్బిటాళ్లన్నీ నిండి ఉన్నాయి. ఎలక్ట్రాన్ చేరడానికి ఖాళీ లేదు, కనుక రంగూ లేదు. ఇంతవరకు సూత్రం సరిపోయింది.

ఇప్పుడు ప్రయోగశాలలో మీరు చేసే పర్మాంగనేట్ అంశమాపనాన్ని గమనించండి. బ్యూరెట్‌లోని పర్మాంగనేట్‌లో మాంగనీస్ +7 స్థితిలో ఉంది. డి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు, అయినా ముదురు ఊదారంగు. ఫ్లాస్క్‌లో ఏర్పడే మాంగనీస్ +2 అయాన్‌లో ఐదు ఒంటరి ఎలక్ట్రాన్లు ఉన్నాయి, అయినా ద్రావణం దాదాపు వర్ణరహితం. సూత్రం చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. వేరే సూచిక లేకుండా అంతిమ బిందువును గుర్తించగలగడం ఈ తేడా వల్లనే.

కారణాలేమిటి? పర్మాంగనేట్‌లో కాంతిని శోషించుకున్నప్పుడు ఆక్సిజన్ నుంచి మాంగనీస్ ఖాళీ డి ఆర్బిటాళ్లకు ఎలక్ట్రాన్ మారుతుంది. దీన్ని ఆవేశ బదిలీ అంటారు. ఇది అనుమతించబడిన పరివర్తన కనుక శోషణం చాలా బలంగా ఉంటుంది. మాంగనీస్ +2లో ఐదు ఆర్బిటాళ్లలోనూ ఒక్కొక్క ఎలక్ట్రాన్ ఒకే స్పిన్‌తో ఉంటుంది. ఏది ఎగువకు పోవాలన్నా స్పిన్ మారాలి. స్పిన్ నియమం దీన్ని నిషేధిస్తుంది కనుక శోషణం అతి స్వల్పం. మోలార్ శోషణ గుణకం మొదటిదానికి 525 నానోమీటర్ల వద్ద సుమారు 2,400 కాగా, రెండోదానికి 0.1 కూడా ఉండదు.

కాబట్టి ఈ సూత్రం పూర్తిగా తప్పు కాదు, అసంపూర్ణం. అది ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి ఆగిపోతుంది. మీరు మాత్రం మరో మూడు విషయాలు అడగాలి: ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది? అందుకు కావలసిన శక్తి దృశ్య కాంతిలో ఉందా? ఆ పరివర్తన అనుమతించబడినదేనా?

మీ అవగాహనను సరిచూసుకోండి: డైక్రోమేట్‌లో క్రోమియం +6 స్థితిలో ఉంది. దాని నారింజ రంగును పై మూడు ప్రశ్నల సాయంతో వివరించండి.