లక్ష్యం ఎవరిది? – పక్షవాత పునరావాస కొలమానాలపై విమర్శ
దైనందిన కార్యాలలో రోగి స్వావలంబనను అంచనా వేసే బార్తెల్ సూచిక 1965లో వెలువడింది. పది అంశాలకు గరిష్ఠంగా 100 మార్కులు. అయితే అది నడకను సమతల నేలపైనే కొలుస్తుంది. పామర్రు ప్రాంతపు వరి రైతుకు నడక అంటే ఇరుకైన, జారుడు పొలంగట్టు. అందుకే నూరు మార్కులు వచ్చినా అతడు పొలానికి దూరంగానే ఉండిపోవచ్చు.

కిరెసుక్, షెర్మన్‌లు 1968లో మానసిక ఆరోగ్య రంగానికై ప్రతిపాదించిన లక్ష్యసాధన మాపనం ఈ లోటును కొంత తీరుస్తుంది. రోగి కోరిన పనినే అది ఐదు స్థాయిలలో అంచనా వేస్తుంది. కానీ పక్షవాతంతో మాట పడిపోయినవారి బదులు కుటుంబమే లక్ష్యాన్ని చెబితే, ఆ కొలమానం కూడా ఇతరుల కోరికనే కొలుస్తుంది. కనుక సైగలతో, బొమ్మలతో రోగి ఎంపికను తెలుసుకునే సమయాన్ని ఫిజియోథెరపీలో అంతర్భాగంగా పరిగణించాలి.