పటంలో గీత ఉంది, పార లేదు

పంతొమ్మిదో శతాబ్దంలో రైల్వేలు, కాలువలు చూపించే పటాలను ముక్కలుగా కోసి గుడ్డ మీద అంటించేవారు. మడిచి కోటు జేబులో పెట్టుకోవచ్చు. ఆ జేబు ఎవరిది? ఇంజనీరుది, కలెక్టరుది, కంపెనీ వాటాదారుది. పటం వాళ్ల కళ్లతోనే నేలను చూసింది. నడిచే రైలుకు నిండు గీత, కట్టబోయే రైలుకు చుక్కల గీత. మాలవాడకూ మాదిగవాడకూ చుక్క కూడా దక్కలేదు.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఇవాళ్టి హైటెక్ సిటీ స్టేషను ఆ మార్గం మీదే ఉంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాకే ఇక్కడ చరిత్ర మొదలైనట్టు మాట్లాడేవాళ్లకు ఈ పాత గీతే జవాబు. అయితే ఆ గీత మన తరఫున సాక్ష్యం చెప్పదు.

పేర్లు చూడండి. 1883లో లండన్‌లో కంపెనీ పెట్టాక నిజాం రైల్వే పేరులో 'గ్యారంటీడ్' అన్న మాట చేరింది. గ్యారంటీ వాటాదారుడి వడ్డీకే గాని మట్టి మోసినోళ్ల కూలికి కాదు. కోస్తాలో 1877-78 కరువు పనుల్లో తవ్వి కలిపిన కాలువకు గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. ఆ కరువులోనే రిచర్డ్ టెంపుల్ మగమనిషికి కట్టిన రోజుకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పటం మీద దొర పేరుంది. తట్ట మోసినామె పేరేది?

రైలు మనకు మేలు చేయలేదా అని అడిగే మిత్రులున్నారు. చేసింది. ఊరి కట్టుబాటు దాటిపోయే దారి చూపింది. దాన్ని మేం కాదనం. ఆ దారి ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నదే మా ప్రశ్న.

మట్టిపని, రాయిపని తరతరాలుగా వడ్డెర్ల మీద పడ్డాయి. 1956లో గుల్బర్గా జిల్లాతో పాటు వాడి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఇప్పటి కర్ణాటకలో వడ్డెర్లు భోవి పేరుతో షెడ్యూల్డు కులం, తెలంగాణలో బి.సి.-ఎ. రైలుకట్ట ఒకటే, పార ఒకటే. ఆ కొసన ఒక హక్కు, ఈ కొసన ఇంకో హక్కు. ఏ పటమూ ఈ తేడాను చూపించదు.

సైబరాబాదుకూ పటాలున్నాయి. కంపెనీలు, ఫ్లైఓవర్లు, మెట్రో అన్నీ అందులో ఉంటాయి. పునాదులు తవ్విన పాలమూరు కూలీల గుడిసెలు వెతకండి, కనబడవు. అందుకే విద్యార్థులకు మా మాట ఒకటే. పాత పటం పక్కన పెట్టుకుని మీ వాడలో ముసలోళ్లను అడగండి: ఏ కాలువ తవ్విండ్రు, ఏ కట్ట పోసిండ్రు, కూలి ఎంత ముట్టింది? రాసిపెట్టండి. మన పటం అక్కడ్నుంచే మొదలవుతుంది.