నమూనా అట్టలు లేని ఊరు

అమెరికాలో బొంతలు కుట్టడం పెద్ద వ్యాపకం. దానికంటూ పత్రికలు, పోటీలు, వెంట్రుకవాసి తేడా రాకుండా ముక్కలు కోసే చక్రాల కత్తులు, నమూనా అట్టలు ఉన్నాయి. ఇవేవీ లేకుండానే ఆ పోటీలన్నింటినీ తలదన్నే బొంతలు కుట్టిన ఊరొకటి అలబామా రాష్ట్రంలో ఉంది. నది మూడువైపులా చుట్టుకున్న ఆ ఊరు గీస్ బెండ్. సర్కారు కాగితాల్లో బాయ్‌కిన్.

జోసెఫ్ గీ అనే ఆసామి 1816లో అక్కడ బానిసలతో పత్తి తోట వేశాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికొచ్చింది. బానిసత్వం పోయినా ఊళ్లో చాలామందికి ఆ యజమాని ఇంటిపేరే మిగిలింది. చరిత్రకు ఇంత చాలు.

ఆ ఊరి మహిళల పనితనం తెలియాలంటే ‘హౌస్‌టాప్’ అనే పద్ధతిని చూడాలి. నడుమ ఒక చదరపు ముక్క పెడతారు. దాని ఒక అంచుకు ఓ పీలిక కుడతారు. పక్క అంచుకు కుట్టే పీలిక మొదటిదాని కొసను కూడా కలుపుకుని సాగుతుంది. అలా చుట్టు మీద చుట్టు. మిగతాచోట్ల పీలికలన్నీ ఒకే వెడల్పున కోసిపెట్టుకుంటారు. ఇక్కడ మాత్రం ఒకటి రెండంగుళాలుంటే పక్కది ఐదు. దాంతో చదరం ఓ పక్కకు ఒరుగుతుంది. అవతలివైపు వెడల్పు పీలిక వేసి సరిచేస్తారు, మనసు పుడితే అలాగే వదిలేస్తారు. ఆ ఒరుగు వల్లే చూపు ఒకచోట నిలవదు. కొలబద్దతో కుట్టిన బొంతలో ఈ పొగరు ఎక్కడుంది?

పై పొర ఎవరికి వారే కూర్చుకుంటారు. తర్వాత అస్తరు, దూది, పై పొర కలిపి చట్రానికి బిగిస్తే ఇరుగుపొరుగు చేరి, చర్చి పాటలు పాడుకుంటూ కుట్టేస్తారు. పూర్వం దూది జిన్నింగు మిల్లు ఊడ్పు, అస్తరు పిండి సంచులు.

మిజూరి పెట్‌వే 1942లో భర్త పోయాక, ఆయన పొలానికి తొడుక్కెళ్లిన బట్టల్ని విప్పదీసి బొంత కుట్టింది. ఆయన్ను తలుచుకుంటూ కప్పుకోవడానికే కుట్టిందని కూతురు ఆర్లోంజియా తర్వాత చెప్పింది. చెమటకూ ఎండకూ వెలిసిన నీలాలు, బూడిద రంగులు అందులో పక్కపక్కన నిలువు పట్టీలుగా ఉంటాయి. ఇప్పుడది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

యానీ మే యంగ్ 1976లో కుట్టినదైతే ఇంకా తెగువ. చుట్టూ పాత జీన్స్ గుడ్డ, నడుమ భగ్గుమనే రంగుల కార్డురాయ్ పట్టీలు. కట్టెల మోపు మీద పరిచిన ఆ బొంత ఫొటోను పుస్తకంలో చూసి, విలియం ఆర్నెట్ అనే సేకర్త ఆమెను వెతుక్కుంటూ ఆ ఊరిదాకా వచ్చాడు.

ఆ కార్డురాయ్ వెనుక ఓ కథ ఉంది. 1966లో ఆ చుట్టుపక్కల మహిళలు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టారు. 1972లో సియర్స్ కంపెనీ వాళ్లకు కార్డురాయ్ దిండు గలీబుల పని ఇచ్చింది. గలీబులన్నీ ఒకే అచ్చులో ఉండాలి. మిగిలిన పేలికలు ఇళ్లకు చేరి, అచ్చు అనేదే ఎరగని బొంతలయ్యాయి.

2002లో హ్యూస్టన్‌లో, ఆపైన న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శించాక విమర్శకులు వీటిని మతీస్ చిత్రాలతో పోల్చారు. పొగడ్తే కావచ్చు, ఒళ్లు మండుతుంది. చెక్క గోడలకు పత్రికలు అంటించుకుని చలికాచుకున్న ఇళ్లలో పుట్టిన పనికి పారిస్ చిత్రకారుడి పూచీకత్తు దేనికి? 2006లో పది బొంతలు తపాలా బిళ్లలయ్యాయి. అక్కడ్నుంచి నకళ్లు మొదలు. ముక్కలు అతికినట్టు అచ్చేసిన దుప్పట్లు బజారు నిండా ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేసి చూడండి, ఒక్క అతుకూ తగలదు. 2024లో ఒక పెద్ద దుకాణాల సంస్థ ఈ ఊరి డిజైన్లతో సరుకు దించి, కళాకారిణులకు గుండుగుత్తగా కొంత సొమ్మిచ్చి సరిపెట్టింది. అమ్మకాల్లో వాటా లేదు.

ఇంట్లో కుట్టుకునేవాళ్లు ఇలాంటి నకళ్లకు డబ్బు పోసే బదులు పాత జీన్స్, లుంగీల మీద ఓపిక పెట్టొచ్చు. మందం దగ్గరదగ్గరగా ఉన్న గుడ్డలు ఎంచుకుని, ఉతికి, ప్రతి అతుకునూ ఇస్త్రీతో ఒకవైపుకు అణచి, తర్వాతి పీలికకు మించి ముందుచూపు లేకుండా కుట్టాలి. గీస్ బెండ్ చేతిపనే కావాలనుకుంటే 2021 నుంచి అక్కడి మహిళలు కొందరు ఎట్సీ వెబ్‌సైట్‌లో సొంత పేరుతో అమ్ముతున్నారు. 2022 నుంచి ఏటా అక్టోబరులో ఊళ్లోనే బొంతల జాతర జరుగుతోంది.