బాయి నుంచి బొందలగడ్డ దాకా: బొగ్గు కథనంలో ప్రకృతి స్థానం

తెలంగాణ వాడుకలో నీళ్లు తోడుకునే బావీ బాయే, బొగ్గు తవ్వే గనీ బాయే. సింగరేణి కార్మికుడు ‘బాయి దిగుతాడు’. అతని బతుకుదెరువు ‘బాయిపని’. సేద్యం విడిచి వచ్చినవాడు తనకు తెలిసిన మాటనే తెలియని చీకటికి పేరుగా పెట్టుకున్నాడు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్ గనులు విస్తరించిన తర్వాత ఈ మాట వాటికి అంతగా అతకలేదు. ఉపరితల గనిని జనం ‘ఓసీ’ అన్నారు; అది మిగిల్చే నేలను ‘బొందలగడ్డ’ అన్నారు. ఈ రెండు మాటల మధ్య దూరమే ఈ వ్యాసానికి విషయం. బొగ్గును గురించిన సాహిత్యాన్ని మనం ప్రధానంగా కార్మిక సాహిత్యంగా చదివాం. ఆ పఠనం అవసరమైనదే. కాని భూగర్భ గని నుంచి పుట్టిన కథనరూపం ఉపరితల గని, థర్మల్ విద్యుత్కేంద్రం కలిగించే నష్టాన్ని పూర్తిగా పట్టుకోలేదని, అందువల్ల విమర్శ తన ప్రమాణాలను విస్తరించుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. గని ఇచ్చిన కథనరూపం

గని నవలకు ప్రపంచ సాహిత్యంలో స్థిరమైన రూపాన్ని ఇచ్చినది ఎమిల్ జోలా ‘జెర్మినాల్’ (1885). రచనకు ముందు, 1884లో, జోలా ఉత్తర ఫ్రాన్స్‌లోని ఆంజాన్ గనులకు వెళ్లి, స్వయంగా గని లోపలికి దిగి పరిశీలించాడు. ఆ నవలలోని అవరోహణ, ప్రమాదం, ఆకలి, సమ్మె, అణచివేత అనే క్రమం తర్వాతి గని రచనలు చాలావాటిలో ఏదో ఒక మేరకు కనిపిస్తుంది. ఈ క్రమానికి సంఘటన ప్రాణం. పైకప్పు కూలుతుంది, నీరు ముంచుతుంది, తుపాకి పేలుతుంది. ఒక రోజున జరిగి, బాధ్యుణ్ని వేలెత్తి చూపడానికి వీలిచ్చే హింసను ఈ రూపం సమర్థంగా చెబుతుంది.

అయితే అదే నవలలో మరొక రకం హింస కూడా ఉంది. ఎనిమిదేళ్ల వయసులో గనిలో చేరి, యాభై ఎనిమిదేళ్లకూ పనిచేస్తున్న బోన్‌మోర్ అనే వృద్ధుడు తొలి అధ్యాయంలోనే నల్లటి కఫం ఉమ్ముతాడు. ఆ దగ్గుకు తేదీ లేదు. అది ఏ సమ్మెకూ కారణం కాదు. కథ ముందుకు సాగుతుంటే ఆ దగ్గు నేపథ్య ధ్వనిగా మిగిలిపోతుంది. జోలా దాన్ని చూశాడు, నమోదు చేశాడు. కాని కథను దాని చేత నడిపించలేదు.

నేల విషయంలోనూ ఇదే జరిగింది. తార్తారే అనే బీడు కింద పాతగని ఏళ్లతరబడి మండుతూ ఉంటుంది. ఆ వేడికి దానిపక్కన ఒక పచ్చికదిబ్బ చలికాలంలోనూ పచ్చగా ఉంటుంది. కార్మికులు ఆ మంటను పాపానికి పడిన శిక్షగా కథలుకథలుగా చెప్పుకుంటారు. మనిషి తవ్వకం నేలకు చేసిన గాయం ఇక్కడ పురాణంగా మారింది. పురాణమైన చోట బాధ్యత ప్రస్తావన అక్కర్లేకుండా పోతుంది. ఝార్ఖండ్‌లోని ఝరియాలో 1916లో తొలిసారి గుర్తించిన బొగ్గుమంటలు నేటికీ ఆరలేదన్న వాస్తవం పక్కన పెట్టి చదివితే ఈ వర్ణనలోని లోపం స్పష్టమవుతుంది. ఝరియా వాసికి అది పురాణం కాదు, ఇంటి గోడలోని పగులు.

2. మట్టిగుట్ట కథను నడిపినప్పుడు

దీనికి భిన్నమైన నమూనా రిచర్డ్ లెవెలిన్ ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’ (1939). వేల్స్‌లోని ఒక గనిలోయను హ్యూ మోర్గన్ అనే కథకుడు జ్ఞాపకం చేసుకుంటాడు. అతడు ఇల్లు విడిచి వెళ్లబోతున్నాడు. గనిలోంచి తీసి పోసిన వ్యర్థాల గుట్ట పెరిగి పెరిగి ఇంటిమీదికి వస్తుండడం అందుకు ఒక కారణం. సమ్మెలు, పెళ్లిళ్లు, మరణాలు అన్నీ జరుగుతుండగా గుట్ట తన వేగంతో తాను పెరుగుతూనే ఉంటుంది. కుటుంబ చరిత్రకూ నేల విధ్వంసానికీ ఒకే కాలమానం ఏర్పడడం ఈ నవల సాధించిన ప్రత్యేకత. గతాన్ని మితిమీరిన మమకారంతో చూసిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. కాని గుట్టను గురించి దానికి ఎటువంటి భ్రమా లేదు. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోనే అబర్‌ఫాన్ గ్రామంపై అటువంటి గుట్ట జారిపడి 144 మంది మరణించారు. వారిలో 116 మంది పిల్లలు. ఏళ్ల తరబడి పేరుకున్నది కొద్ది నిమిషాల్లో కూలింది. పత్రికలు ఆ నిమిషాలను రాశాయి. నవల ఆ ఏళ్లను ముందే రాసింది.

రాబ్ నిక్సన్ 2011లో ప్రతిపాదించిన ‘మందగతి హింస’ అనే భావన ఈ తేడాను వివరించడానికి ఉపకరిస్తుంది. కంటికి కనపడకుండా, కాలంలో చెదిరిపోయి, హింసగా గుర్తింపు పొందని హింస అది. బొగ్గు విషయంలో ప్రమాదం ఒకరకం హింస. ధూళి, బూడిద, అడుగంటిన నీరు మరొకరకం.

3. సింగరేణి: కథానాయకుడు తప్పుకున్న చోటు

1871లో విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి దాదాపు శతాబ్దంపాటు సింగరేణి అంటే తట్ట, చెమ్మస్, టబ్బు, వాటి వెనక మనిషి. అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితలు ఈ మనిషిని తెలుగు కథకు, నవలకు కేంద్రంగా నిలిపారు. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సంస్థ కార్మికుల సంఖ్య తర్వాతి మూడు దశాబ్దాల్లో నలభై వేల స్థాయికి తగ్గింది. ఉత్పత్తిలో 80 శాతానికి పైగా ఉపరితల గనులదే అయింది. బొగ్గు పెరిగింది, మనిషి తగ్గాడు. గని కథకు ఆధారమైన పాత్రే వేదిక మీద పలచబడింది.

ఈ మార్పును ‘బాయి’ అనే మాటతోనే పరిశీలించవచ్చు. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. అది బాయిలో మరణం. పాత కథనరూపం దాన్ని చెప్పగలదు. ఉపరితల గనిలో తవ్వకం భూగర్భజల మట్టానికి దిగువకు చేరినప్పుడు నీటిని నిరంతరం బయటికి తోడాలి. దాంతో చుట్టుపక్కల సాగుబావులు అడుగంటుతాయి. ఒక బాయి మరొక బాయిని ఎండబెడుతుంది. ఈ రెండో మరణానికి శవం లేదు, పంచనామా లేదు, సంస్మరణ సభ లేదు. రైతు ఆ ఏడు వరి మానేస్తాడు, అంతే. దీన్ని ఏ సంఘటన చుట్టూ కథగా అల్లాలి?

విద్యుత్కేంద్రం ఈ సమస్యను ఇంకా జటిలం చేస్తుంది. భారతీయ బొగ్గులో బూడిద సాధారణంగా 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. 2,600 మెగావాట్ల రామగుండం కేంద్రం వంటి చోట ఏళ్ల తరబడి మిగిలే బూడిద ఎంతో ఊహించవచ్చు. వెలుగు దూరనగరాలకు చేరుతుంది, బూడిద చెరువు ఊరి పక్కనే ఉంటుంది. మన సాహిత్యంలో ‘కరెంటు’ ఆధునికతకు సంకేతంగా ఎన్నోసార్లు వచ్చింది. ఆ సంకేతానికి అవతలి కొసన ఉన్న ఊరు దానితో కలిసి రావడం అరుదు. సింగరేణి ప్రాంతపు ఊరిని ఎంచుకున్న ‘దసరా’ (2023) చిత్రంలోనూ బొగ్గుమసి తెరకు రంగునిచ్చింది గాని, సంఘర్షణ స్నేహం, మద్యం, ఊరి రాజకీయాల చుట్టూ తిరిగింది. మసి అక్కడ నేపథ్యమే, ప్రశ్న కాలేదు.

4. ఒక అభ్యంతరం

పర్యావరణ దృష్టి వర్గదృష్టిని పలచన చేస్తుందనే అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. గని మూతపడితే మొదట పస్తులుండేది కార్మికుడే. పొలం పోయినవాడే ఓసీలో ఉద్యోగం కోరుతాడు. ఒకే ఇంట్లో తండ్రి బావి ఎండిందని బాధపడుతుంటే కొడుకు డంపర్ నడపాలని ఎదురుచూడవచ్చు. ఈ వైరుధ్యాన్ని దాటవేసే విమర్శ నగరవాసి ప్రకృతి ప్రేమగా మిగులుతుంది. అయితే బోన్‌మోర్ దగ్గు కార్మిక సమస్యా, పర్యావరణ సమస్యా అని విడదీయడం సాధ్యం కాదు. గనిలోని ధూళి ఊపిరితిత్తిలో ఉన్నప్పుడు పని, ప్రకృతి ఒకే శరీరంలో కలుస్తాయి. వర్గ విశ్లేషణ తన తర్కాన్ని చివరిదాకా తీసుకువెళ్తే చేరే చోటు కూడా ఇదే.

ముగింపు

ఈ పరిశీలన నుంచి రెండు పనులు తేలుతున్నాయి. మొదటిది, ఇప్పటికే ఉన్న సింగరేణి కథలను, నవలలను తిరిగి చదవడం. సమ్మె దృశ్యాల మధ్య నీటికోసం నడిచిన స్త్రీని, దుమ్ముపట్టిన చెట్టును, దగ్గే వృద్ధుణ్ని నేపథ్యం నుంచి ముందుకు తేవడం. రెండవది, సాహిత్యమని మనం పిలవని పాఠాలను పరిశోధనలోకి తీసుకోవడం. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం గనులపై జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో జనం లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలోనో, రాష్ట్ర అధికార భాషలోనో కూడా నమోదు చేయాలి. ఆ కాగితాల్లో రైతులు, కూలీలు, ఆదివాసులు చెప్పుకున్న మాటలున్నాయి. ‘బొందలగడ్డ’ అనే మాటను బొగ్గు చర్చలోకి తెచ్చినవారు విమర్శకులు కారు. ఊళ్లు కోల్పోతున్న జనం, వారి ఉద్యమం. ఆ మాట ఏ సభలో, ఎవరి నోట, ఏ అర్థంతో మొదలైందో వెతకడం తెలుగు పరిశోధకుడు చేయదగిన పని. ఆ సభల్లో మాట్లాడినవారు వృద్ధులవుతున్నారు కనుక ఆలస్యం తగదు.