సెగ వేరు, మంట వేరు

గ్యాస్ టర్బైన్ స్టార్ట్ చేసేటప్పుడు కంట్రోల్ రూమ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడరు. అప్పటికి మెషిన్ తిరగడం మొదలై ఉంటుంది. లోపల ఎక్కడైనా గ్యాస్ మిగిలి ఉంటే గాలితో ఊదేసి చిమ్నీలోంచి బయటికి పంపేసి ఉంటారు. గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, స్పార్క్ ప్లగ్గులు కొట్టడం మొదలెడతాయి. ఇక అందరి చూపూ తెర మీద ఓ మూలనున్న నాలుగు చిన్న గుర్తుల మీదే. మా మెషిన్‌లో దానికి 60 సెకన్ల గడువు. ఆలోగా ఆ నాలుగింటిలో కనీసం రెండు ‘మంట వచ్చింది’ అని చెప్పాలి. చెప్పకపోతే గ్యాస్ తనంతట తనే మూసుకుపోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. 26 ఏళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేశాను. ఆ 60 సెకన్లూ నాకు ఏనాడూ అలవాటు కాలేదు.

ఆ మాట చెప్పేది ఫ్లేమ్ డిటెక్టర్. చేతిలో ఇమిడే లోహపు గొట్టం, దాని కొసన చిన్న కిటికీ, వెనక ఒక కేబుల్, అంతే. కోట్ల రూపాయల యంత్రం దాని మాట మీద నడుస్తుంది, దాని మాట మీద ఆగుతుంది. దీని గురించి మన భాషలో రాసినది నాకు ఎక్కడా కనబడలేదన్న బాధ చాలాకాలంగా ఉంది.

నేను ఎక్కువ కాలం గడిపింది ఫ్రేమ్ 6 రకం మెషిన్‌తో. సుమారు 40 మెగావాట్లు. హైదరాబాద్ పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వాళ్లు జీఈ సాంకేతికతతో ఈ కుటుంబపు టర్బైన్లు తయారు చేశారు కాబట్టి మనవాళ్లలో వీటి ఆనుపానులు తెలిసినవాళ్లు తక్కువేమీ కాదు. షాఫ్ట్ చుట్టూ వలయంగా పది కంబస్టర్లుంటాయి. మేం క్యాన్లంటాం. స్పార్క్ ప్లగ్గులు మాత్రం రెండు క్యాన్లకే. మిగతావాటికి మంట క్రాస్ ఫైర్ అనే పక్క గొట్టాల్లోంచి పాకుతూ వెళ్తుంది, ఒక ప్రమిదతో ఇంకో ప్రమిద వెలిగించుకుంటూ పోయినట్టు. డిటెక్టర్లను ప్లగ్గులకు దూరంగా ఉన్న క్యాన్లలో పెడతారు. అక్కడ మంట కనబడిందంటే చుట్టూ అంతా అంటుకున్నట్టే. స్పార్క్ మెరుపును చూసి మంట అని పొరబడే బెడదా ఉండదు.

మంట లేకుండా గ్యాస్ మాత్రం వస్తూ ఉంటే ఏమవుతుంది? ఈ సైజు మెషిన్ పూర్తి లోడు మీద సెకనుకు సుమారు రెండున్నర కిలోల గ్యాస్ తాగుతుంది. మన ఇంటి సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. బరువు లెక్కన చూస్తే ఆరు సెకన్లు తిరక్కముందే ఒక సిలిండరంత ఇంధనం లోపలికి వెళ్లిపోతుంది. మంట ఆరిపోయాక కూడా అది వస్తూనే ఉంటే వెనక ఎగ్జాస్ట్‌లో, దాని వెనక బాయిలర్‌లో పోగవుతుంది. అక్కడి వేడికి ఏదో ఒక క్షణాన అంటుకుంటుంది. కోనసీమ వాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట ఊళ్లకు ఊళ్లకే కనబడింది, జనం దూరంగా జరిగారు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన గ్యాస్ మాత్రం ఎవరికీ కనబడకుండా తెల్లవారుజామున గాల్లో పరుచుకుని, ఆ తర్వాత అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. మండుతున్న గ్యాస్ కంటే మండని గ్యాస్‌కే నేను ఎక్కువ భయపడతాను. ఫ్లేమ్ డిటెక్టర్ ఉన్నది ఆ భయం కోసమే.

అయితే మంటను చూడ్డం అనుకున్నంత తేలిక కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అడిగాను: ‘లోపల వేల డిగ్రీల వేడి కదండీ, వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి పెడితే సరిపోదా?’ అని. మా ఫోర్‌మన్ గారు రాజోలు తాలూకా మనిషి. చేతిలో స్పానర్ కింద పెట్టి నా వైపు తిరిగారు.

‘అబ్బాయ్, పొయ్యి ఆర్పేశాక దగ్గర చెయ్యి పెడితే కాలుద్దా, కాలదా?’

‘కాలుద్దండీ.’

‘మరి మంట ఉందా?’

‘లేదండీ.’

‘అదీ సంగతి. చెయ్యి పెట్టి చూసేది మనకి పనికిరాదు. కన్ను పెట్టి చూసేది కావాలి.’

మన భాషకు ఈ తేడా ముందే తెలుసు. సెగ అన్నాం, నిప్పు అన్నాం, మంట అన్నాం. దేనికది వేరు. మంట ఆరిన మరుక్షణం కూడా కంబస్టర్ గోడలు ఎర్రగానే ఉంటాయి. నివురుగప్పిన నిప్పులా ఆ లోహం వేడిని దాచుకునే ఉంటుంది. థర్మోకపుల్‌కు ఆ మార్పు అంది, అది చల్లబడి, కబురు చెప్పేసరికి సెకన్లు గడిచిపోతాయి. మనకు కావలసిన జవాబు సెకనులో చిన్న ముక్కలో రావాలి. సెగ ఎంత ఉన్నా మంట లేకపోతే లేదని చెప్పగలగాలి.

మంటకు మాత్రమే ఉండి వేడి లోహానికి లేనిది ఏమిటి? గ్యాస్ మండేటప్పుడు ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువు జంటకట్టిన తునక క్షణకాలం పుడుతుంది. అది తనలో మిగిలిన శక్తిని 310 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిగా వదులుతుంది. మన కంటికి అందని వెలుగు అది. ఎర్రగా కాలిన ఇనుము పరారుణ కిరణాలు, కాస్త ఎర్రటి వెలుగు ఇస్తుంది తప్ప ఈ వెలుగు దాదాపుగా ఇవ్వదు. కాబట్టి డిటెక్టర్‌కు ఎర్రదనం కనబడకూడదు, ఈ అతినీలలోహితం మాత్రం కనబడాలి.

మేం మొదట వాడినవి గైగర్-ముల్లర్ ట్యూబులు. అతినీలలోహితాన్ని లోపలికి రానిచ్చే గొట్టంలో కొద్దిగా వాయువు, రెండు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య 335 వోల్టులు. అతినీలలోహిత కిరణం ఒకటి వచ్చి తగిలితే ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది, అది మరికొన్నిటిని ఊడగొడుతుంది, ఒక పల్స్ పుడుతుంది. సెకనుకు ఎన్ని పల్సులో లెక్కపెడితే మంట ఎంత ఉందో తెలుస్తుంది. మంచి పరికరమే. ఎన్నో ఏళ్లు నమ్మకంగా పనిచేసింది. కానీ వేడికి ఓర్చుకోలేదు. ముసలిదయ్యాక మంట లేకపోయినా పల్సులు ఇస్తూ కూర్చునే జబ్బు కూడా దానికి ఉంది. ఒకసారి మెషిన్ ఆగి రెండు రోజులైనా ఒక ట్యూబు ‘మంట ఉంది’ అనే చూపిస్తోంది. ఫోర్‌మన్ గారు దాన్ని ఊడదీసి, మళ్లీ ఎవరూ వాడకుండా కేబుల్ కోసేసి మరీ చెత్తలో వేయించారు. లేని మంటను చూపించే కన్ను ఆయన దృష్టిలో గుడ్డికన్ను కంటే చెడ్డది. నాకూ అప్పటినుంచి అదే అభిప్రాయం.

ఆ తర్వాత వచ్చింది సిలికాన్ కార్బైడ్. కత్తులు నూరే సానరాళ్లలో వాడే పదార్థమే, కాకపోతే ఇక్కడ శుద్ధమైన స్ఫటికంగా పెంచినది. దీని పని నాకు తెలిసిన సొగసైన విషయాల్లో ఒకటి, అందుకే కొంచెం నిలబడి చెబుతాను. మామూలు సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల తోపు చాలు. అంత తోపు ఎర్రటి గోడ నుంచి వచ్చే కాంతికీ ఉంటుంది. అసలు ఏ కాంతీ లేకపోయినా చుట్టూ ఉన్న వేడే కొన్ని ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది. అంటే గోడను చూసి మంట అనుకుంటుంది, సెగకు తానే తడబడుతుంది. సిలికాన్ కార్బైడ్‌లో ఆ గడప ఎత్తు సుమారు 3.2. ఎర్రటి కాంతి దాన్ని దాటలేదు. చుట్టుపక్కల వేడీ దాటలేదు. మంట నుంచి వచ్చే 310 నానోమీటర్ల కాంతికి సుమారు 4 ఉంటుంది, అది హాయిగా దాటుతుంది. గోడల ఎరుపు, చుట్టూ సెగ, ఈ రెండు చిక్కులూ ఒక్క గుణంతోనే విడిపోయాయి. రాయిలోనే ఉన్న ఆ గుణాన్ని గుర్తించి, దాన్ని కన్నుగా మలిచినవాళ్లకు నేను మనసులో దండం పెట్టుకుంటాను.

స్ఫటికం తట్టుకున్నా దాని వెనకుండే ఎలక్ట్రానిక్స్ మనిషిలాగే నీడ కోరుకుంటుంది. అందుకు ఒక దారి నీళ్లతో చల్లబరచడం. డిటెక్టర్ మెడ చుట్టూ గొట్టం చుట్టి నీళ్లు తిప్పుతారు. నా ఉద్యోగంలో నిద్ర పోగొట్టినవి ఆ గొట్టాలే. కంపనానికి ఎక్కడో సన్నని పగులు వస్తుంది, నీటి చుక్కలు కాలే కేసింగ్ మీద పడతాయి. అంత వేడి లోహం మీద ఒక్కచోటే చల్లటి నీళ్లు కారుతుంటే లోహం వంకరపోతుంది, పగులుతుంది కూడా. నీళ్లు మరీ చల్లగా ఉన్నా తంటాయే. చల్లటి చెంబుకు బయట చెమట పట్టినట్టు కిటికీ మీద తేమ పడుతుంది, ఆ తేమ మంటను కమ్మేస్తుంది. రెండో దారి, వేడిలో కన్ను ఒక్కదాన్నే ఉంచి ఎలక్ట్రానిక్స్‌ను కేబుల్‌తోనో కాంతిని మోసే ఫైబర్‌తోనో దూరంగా, చల్లటి చోట పెట్టడం. నీళ్లు అక్కర్లేదు. నన్నడిగితే ఇదే సరైన దారి. వేడి లోహం పక్కన నీటి గొట్టం ఉండకపోతేనే మంచిది.

కిటికీ గురించి ఒక మాట. అది క్వార్ట్జ్ లేదా నీలమణి జాతి స్ఫటికం. ఒక షట్‌డౌన్‌లో కిటికీ పగిలితే, స్టోర్స్‌లో స్పేర్ లేదని అదే కొలతకు మామూలు గాజు బిళ్ల కోయించి బిగించారు. చూడ్డానికి రెండూ ఒకటే, తళతళలాడుతున్నాయి. స్టార్ట్ చేస్తే ఆ క్యాన్‌లో మంట జాడ లేదు. మన కంటికి తేటగా ఉన్న గాజు అతినీలలోహితానికి ఇంచుమించు గోడ. వేలిముద్ర నూనె కూడా అంతే, మనకు కనబడని పొర దానికి పరదా. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ తప్ప ఇంకేదీ ఆ కిటికీని తాకకూడదని ఫోర్‌మన్ గారి శాసనం. పంచె కొంగుతో తుడవబోయిన హెల్పర్‌ని ఆయన పక్కన కూర్చోబెట్టుకుని, టార్చిలైటు వేసి చూపించారు: డిటెక్టర్ కదల్లేదు. అగ్గిపుల్ల గీసి చూపించారు: మీటరు లేచింది. ఆ కుర్రాడు తర్వాత మంచి టెక్నీషియన్ అయ్యాడు.

కాలుష్యం తగ్గించే కొత్త తరహా కంబస్టర్లు వచ్చాక ఈ పని ఇంకా నాజూకైంది. గాలీ గ్యాసూ ముందే కలిపి, గ్యాస్ పలచగా ఉంచి మండిస్తారు. ఆ మంట వెలుగు కూడా తక్కువ. పైగా ప్రతి క్యాన్‌లో రెండు గదులు. పూర్తి లోడు మీద మొదటి గదిలో గాలి, గ్యాస్ కలవాలి తప్ప మంట ఉండకూడదు. మంట రెండో గదిలోనే ఉండాలి. కాబట్టి మొదటి గది డిటెక్టర్ ‘లేదు’ అని చెబుతూ ఉండటమే అక్కడ క్షేమ సమాచారం. అది ‘ఉంది’ అన్న క్షణం మంట వెనక్కి దూకిందని అర్థం. రోజుల తరబడి ‘లేదు, లేదు’ అని నిజం చెబుతూ, ఆ ఒక్క క్షణాన ‘ఉంది’ అనగలగాలి. ఇంత ఓపికైన సాక్షిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక రాత్రి జరిగింది చెప్పాలి. గ్రిడ్‌కు కరెంటు కావాలని ఒత్తిడి. మూడుసార్లు స్టార్ట్ చేశాం, మూడుసార్లూ ఒక డిటెక్టరే మంట చూపించింది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ‘మంట ఉండే ఉంటుంది, ఇంకో సిగ్నల్ ఫోర్స్ చేసి పెట్టండి, లోడు ఎక్కాక చూసుకుందాం’ అన్నారొకరు. ఫోర్స్ చేయడమంటే డిటెక్టర్ ఏం చెప్పినా ‘మంట ఉంది’ అనే చూపించేలా చేయడం. కంప్యూటర్‌లో ఒక్క బటన్ పని. ఫోర్‌మన్ గారు కుర్చీలోంచి లేచి, ‘నేనుండగా పెట్టరండి’ అన్నారు. అంతకుమించి మాట్లాడలేదు. మెషిన్ ఆపి కవర్లు విప్పాం. మూడు కిటికీల మీద నూనె ఆవిరి పొర ఉంది, అది నిజం. కానీ ఒక క్రాస్ ఫైర్ గొట్టం సరిగ్గా కూర్చోక పక్కకు జరిగి ఉండటం కూడా అప్పుడే చూశాం. అంటే కొన్ని క్యాన్లకు మంట నిజంగానే చేరలేదేమో. ఆ రాత్రి సిగ్నల్ ఫోర్స్ చేసి ఉంటే వాటిలోకి మండని గ్యాస్ పోతూనే ఉండేది.

ఇప్పుడు గోదావరి తీరాన గ్యాస్ లేక ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడిన టర్బైన్లు ఉన్నాయి. 2013 నాటికి కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రం గ్యాస్ విద్యుత్ కేంద్రాలకు అందకుండా పోయాక మొదలైన కష్టం ఇది. ఎప్పుడో పిలుపు వచ్చి ఒక పూట స్టార్ట్ చేయాల్సివస్తుంది. ఖాళీగా ఉన్న మెషిన్‌లోనే తేమ ఎక్కువ పడుతుంది, కనెక్టర్లు పచ్చబడతాయి, కిటికీలు మసకబారతాయి. ఆ పూటే అందరూ తొందరలో ఉంటారు.

ఈ రంగంలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాదొక మనవి. మీ ప్లాంటులో వచ్చే షట్‌డౌన్‌లో నాలుగు డిటెక్టర్లూ ఊడదీసి కిటికీలు మీ చేత్తో తుడవండి, దీపం పెట్టి పరీక్షించండి. తర్వాత కంట్రోల్ సిస్టమ్‌లో ఫోర్స్ చేసి ఉన్న సిగ్నళ్ల జాబితా తెరవండి. అందులో ఫ్లేమ్ సిగ్నల్ ఒక్కటి కనబడినా, దాన్ని తీసేసేదాకా స్టార్ట్ బటన్ నొక్కనివ్వకండి.