ముతకగింజ ‘శ్రీ అన్న’ అయినంక: పోషణశాస్త్రం చూస్తున్న కంచం ఎవరిది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయులకు ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. మొత్తం 17 సూత్రాలు. వాటితోపాటు ఒక కంచం లెక్క. రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పల్లీల వంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు అని చెప్పింది. రేపు ఇదే బడిపుస్తకంలో పాఠమవుతుంది, అంగన్‌వాడీ టీచర్ నోట మాటవుతుంది, ఆస్పత్రిలో మన తల్లులకు డాక్టర్ పెట్టే చీవాట్లవుతుంది. అందుకే దీన్ని శాస్త్రం కదా అని పక్కకు పెట్టకుండా, కథనో కవితనో చదివినంత శ్రద్ధగా చదవాలనుకున్నాం.

ముందు లెక్కే చూద్దాం. అయిదుగురున్న కూలి కుటుంబం ఈ కంచం నింపాలంటే రోజుకు రెండు కిలోల కూరగాయలు, లీటరున్నర పాలు, అరకిలో పండ్లు కొనాలి. పప్పు నెలకు పన్నెండు కిలోలు దాటుతుంది. జాతీయ ఆహార భద్రతా చట్టం (2013) కింద మామూలు తెల్లకార్డు మీద మనిషికి నెలకు వచ్చేది 5 కిలోల ధాన్యం. అంటే రోజుకు 166 గ్రాములు. కంచంలో మిగతాదంతా కూలి డబ్బుతో రావాలి. కూలి ఎంతో, నెలలో ఎన్ని రోజులు దొరుకుతుందో చదువరులకు మేం చెప్పనక్కరలేదు. కంచం బొమ్మలో మాత్రం కూలి కనపడదు.

ఇదే పుస్తకం దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం అనారోగ్యకరమైన ఆహారం వల్లనే అంటుంది. అంకెతో మాకు పేచీ లేదు. పేచీ ఆ విశేషణంతో. తిండి ఎక్కువై జబ్బుపడ్డవాడూ, కలిపి తినే కూర లేక జబ్బుపడ్డ మనిషీ ఆ ఒక్క మాట కిందకే వస్తారు. ఒకరిది అలవాటు, ఇంకొకరిది గతి. గతిని అలవాటని పిలిచాక ఇక మిగిలేది బుద్ధి చెప్పడమే.

ఈ చూపు నిన్నమొన్న పుట్టింది కాదు. 1918లో కూనూర్‌లో ఒక్క గదిలో మొదలై 1958లో హైదరాబాద్ చేరిన ఈ సంస్థకు పేరు తెచ్చిన పరిశోధనల్లో ఒకటి మన జొన్న మీద జరిగింది. పెల్లాగ్రా అనే జబ్బుంది. ఎండ తగిలేచోట, అంటే చేతుల మీద, మెడ చుట్టూ, పాదాల మీద చర్మం నల్లబడి పొట్టు లేస్తది. విరేచనాలు పడతయి. ముదిరితే మతి చెదురుతుంది. నయాసిన్ అనే విటమిన్ చాలకపోవడం దీనికి కారణం. అమెరికాలో ఇది మక్కజొన్న తినే పేదల జబ్బు. దక్కన్‌లో జొన్న తినేవాళ్లకు వచ్చింది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీనికొక వివరణ ఇచ్చారు. జొన్న ప్రోటీన్‌లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. శరీరం ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారుచేసుకునే పనికి అది అడ్డుపడుతుందని వాళ్ల ప్రతిపాదన. తర్వాత కొన్ని ప్రయోగశాలలు దీన్ని ఒప్పుకోలేదు. విటమిన్ బి6 పాత్ర కూడా చర్చకొచ్చింది. ఆ తగవు తీర్చేది మేము కాదు.

మేం అడిగేది వేరే. జొన్నరొట్టె పటేలూ తిన్నడు. ఆయన రొట్టె పక్కన పెరుగుంది, నెయ్యుంది, పప్పుంది. మాదిగవాడలో గట్క పక్కన మిరపకారం, కాలం బాగుంటే పచ్చిపులుసు. పాలల్లో, పప్పుల్లో ఉండే ట్రిప్టోఫాన్, నయాసిన్ అందినోళ్లకు ఆ జొన్నే జబ్బు చేయలేదు. జీతగాళ్లకు జీతంగా జొన్నలే కొలిచి ఇచ్చారు. మానికలో కొలిచింది జొన్నే గానీ పెరుగు కాదు. ఎండ తగిలేచోటే చర్మం ఊడిందంటే, ఆ ఎండలో నిలబడ్డది ఎవరో కూడా ఆ చర్మమే చెప్తున్నది. ప్రయోగశాల ఆ చర్మాన్ని చూసి ల్యూసిన్ దాకా పోయింది. మానిక దాకా రాలేదు.

రావచ్చా అంటే, రావచ్చు. అంతకు 40 ఏళ్ల ముందే ఇంకొకచోట వచ్చారు. అమెరికాలో పెల్లాగ్రా అంటువ్యాధి కాదు, తిండిలోటు అని చూపిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్, ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తను వెంటబెట్టుకుని సౌత్ కరొలైనాలో ఏడు బట్టల మిల్లు ఊళ్లలో 1916లో సర్వే చేశాడు. ఏ ఇంట్లో ఏం తింటున్నారన్నదాంతోపాటు ఆ ఇంటి రాబడి ఎంతో రాసుకున్నాడు. రాబడి తగ్గేకొద్దీ జబ్బు పెరిగిన తీరును 1920లో ప్రచురించారు. నయాసిన్ సంగతి తేలింది 1937లో. అంటే విటమిన్ పేరు తెలియకముందే కూలికీ జబ్బుకూ ఉన్న లంకె తెలిసింది. ఈ పద్ధతి మన దగ్గర కులాన్ని కూడా కలుపుకుని సాగివుంటే జొన్న మీద పడ్డ నింద ఇంకోచోట పడేది.

గోపాలన్ పేదరికం ఎరుగని మనిషి అని మేం అనడం లేదు. అంతర్జాతీయ సంస్థలు పేదదేశాల పిల్లలకు ప్రోటీన్ పొడులు కావాలని ఊదరగొడుతున్న కాలంలో, అసలు లోటు ప్రోటీన్‌ది కాదు, పిల్లలు తినే తిండే చాలడం లేదని వాదించిన వాళ్లలో ఆయన ముందున్నారు. అది ధైర్యమైన మాట. ఆ సంస్థలోనే 1972లో పెట్టిన జాతీయ పోషణ పర్యవేక్షణ విభాగం ఊళ్లలో ఇంటింటికీ పోయి వండేముందు గింజలు తూచి లెక్క రాసింది. ఆ విభాగాన్ని 2015లో మూసేశారు. తూకం ఆగిపోయింది, సలహా మిగిలింది.

మళ్లీ జొన్న దగ్గరికి వద్దాం. తెలంగాణ పల్లెల్లో వరిబువ్వ చాలాకాలం పండుగ తిండి, దొర తిండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు మనోళ్లు బియ్యానికి మళ్లింది తెలివి లేక కాదు. తెల్లబువ్వ తినడంలో ఒక మర్యాద ఉంది, జీతం జొన్నల నుంచి బయటపడ్డ ఊపిరి ఉంది. జొన్నచేలు పోయి పత్తిచేలు వచ్చినయి. జొన్నచేలో పైసా లేకుండా దొరికిన గునుగు, తుమ్మి, దొగ్గలి, పొన్నగంటి కూరలు కూడా దానితోపాటే తగ్గిపోయినయి. వాటికి కలుపు మందు కొడుతున్నరిప్పుడు. వ్యవసాయశాస్త్రానికి అవి కలుపు, పోషణశాస్త్రానికి ఆకుకూరలు. మన ఆడవాళ్లు దేన్ని ఏరుకొచ్చి పిల్లలకు పెట్టిన్రో రెండు శాస్త్రాలూ కలిసి కూచుని మాట్లాడుకున్నట్టు కనపడదు.

ఇక 2018 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం అంతదాకా ‘ముతక ధాన్యాలు’ అన్నవాటిని ‘పోషక ధాన్యాలు’ అని గెజిట్‌లో రాసింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. ఆ ఏటి బడ్జెట్ ప్రసంగంలో వాటి పేరు ‘శ్రీ అన్న’ అయింది. గింజ అదే, ల్యూసిన్ అదే. తినే మనిషి మారినంక పేరు మారింది, ముందు ‘శ్రీ’ కూడా చేరింది. మాదిగోడు తిన్నప్పుడు జబ్బు, సూపర్‌మార్కెట్ అట్టపెట్టెలో ఆరోగ్యం. మొన్నటిదాకా మీది ముతక తిండి అన్నోళ్లే ఇయ్యాల బియ్యం తిని షుగర్ తెచ్చుకున్నరని మనల్ని మందలిస్తున్నరు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు పడావు భూముల్ని సాగుచేసి, 1990లలోనే తమ ఊళ్లలో జొన్న రేషన్ నడిపారు. వాళ్లకు 2019లో ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. జొన్నను కాపాడింది ఎవరని అడిగితే జవాబు అక్కడుంది. ప్రకటనల్లో మాత్రం లేదు.

మాంసం సంగతీ చెప్పాలి. ఈ సంస్థ 1971లో వేసిన ఆహార విలువల పట్టికలో గొడ్డుమాంసం ఉంది. 100 గ్రాముల్లో ప్రోటీన్ 22.6 గ్రాములు. పక్కనే గొర్రెమాంసంలో 18.5. కొవ్వు గొర్రెమాంసంలోనే అయిదింతలు. పట్టిక నిజాయితీగానే ఉంది. సలహా దగ్గరికొచ్చేసరికి గొంతు మారుతుంది. 2011 మార్గదర్శకాల్లో ఒక సూత్రం వంటనూనెల్నీ జంతు సంబంధ ఆహారాల్నీ ఒకే వాక్యంలో కట్టి మితంగా వాడమన్నది. వారానికి ఒకసారి పెద్దకూర, వానకాలానికి ఎండబెట్టిన తునకలు, కోసిననాడు నల్ల తినే ఇంటికి మితం ఎవరు నేర్పాలి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. ఒంటికి తేలికగా పట్టే ఇనుము మాంసంలో ఉందని ఏ పాఠ్యపుస్తకమైనా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న తర్వాత పాలకూర బొమ్మ వేస్తుంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే రాళ్లు పడ్డయి. దాన్ని రాజకీయమన్నారు, సంస్కృతి అన్నారు. పోషణ అన్నవాళ్లు తక్కువ.

మన విద్యార్థుల్లో, టీచర్లలో చాలామంది సంక్షేమ హాస్టల్ బువ్వ తిని వచ్చినవాళ్లే. మనం ఇంకో మార్గదర్శక పుస్తకం రాయనక్కరలేదు. ఒక పని చేయొచ్చు. మీ మండలంలోని హాస్టల్‌లో ఒక నెలపాటు పప్పు, కూర, పాలు, గుడ్డు రోజూ ఎంతెంత వండారో తూచి, పిల్లల హాజరుతో భాగించి, 2024 కంచం పక్కన రాయండి. పిల్లల తల్లిదండ్రుల ఆ నెల కూలి ఇంకో గడిలో రాయండి. కులం గడి మరవద్దు. త్రాసు హాస్టల్ స్టోర్‌లోనే ఉంటది. పోయిన కాగితాల పద్దు పుస్తకాన్ని మాత్రం నమ్మొద్దు, గింజలనే తూచండి.